రెండు గుంపుల తుపాకి

చేతిలో పని లేకపోతే నేను ఇంట్లో స్క్రూలు బిగిస్తాను. ఫ్యాను రెక్కలు, మిక్సీ అడుగు, బీరువా గొళ్ళెం, కుక్కరు పిడి. రిటైరై ఏడాది దాటింది. తిరుపతిలో మాది రెండు గదుల ఇల్లు. మా ఇంటామె నా వెనకాలే తిరుగుతూ, "నిన్ననే బిగిస్తివి గదా, మళ్ళా ఏంది? మర అరిగిపోతాది" అంటుంది. నిజమే, రెండు స్క్రూలకు మర అరగ్గొట్టాను కూడా. కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే కాళ్ళు లాగుతాయి. లేచి వీధి చివరిదాకా నడిచి వస్తాను. మళ్ళీ కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను.

ముప్పై ఒక్క ఏళ్ళు చిత్తూరు వైపు ఒక సాయుధ పోలీసు దళంలో ఆర్మరర్‌గా పనిచేశాను. తుపాకులు బాగుచేసేవాణ్ణి. దళం పేరు రాయను. అందులో ఉన్నవాళ్ళ పేర్లు కూడా మార్చాను, నాది తప్ప. నా పేరు మునిరత్నం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కోర్సులో ఎలాగూ పుస్తకాలు చదువుతారు. పుస్తకంలో లేనిది ఒకటి చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. ఒక తుపాకి గురించి, దాని వెనక సైటు గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రమే ఉంటుంది.

పని ఏమిటంటే

ఎస్సెల్లార్ అని మేము పిలిచే తుపాకి పొడవైనది, బరువైనది. ఇప్పుడు చాలాచోట్ల కొత్తవి వచ్చాయి కానీ, మా దగ్గర నేను దిగిపోయే నాటికి కూడా అవే ఎక్కువ. శుభ్రం చేయడానికి దాన్ని మధ్యలో విరిస్తే, కీలు మీద తలుపు తెరుచుకున్నట్టు రెండు సగాలుగా తెరుచుకుంటుంది. పై సగంలో గొట్టం ఉంటుంది. దాని కొసన నిలబెట్టిన చిన్న పుల్లలాంటిది ఫోర్ సైటు. కింది సగంలో ట్రిగ్గరు, భుజానికి ఆనించే కర్ర, కంటి దగ్గర ఉండే బ్యాక్ సైటు ఉంటాయి. బ్యాక్ సైటు అంటే సన్నని రంధ్రం ఉన్న ఇనుప రేకు, అంతే. ఆ రంధ్రంలోంచి చూస్తూ పుల్ల కొసను గురి మీద నిలపాలి.

రేకుకు అటొక స్క్రూ, ఇటొక స్క్రూ. గుండ్లు ఎడమకు పడుతుంటే రేకును కుడికి జరపాలి. కుడి స్క్రూ వదులు చేసి, అంతే మేర ఎడమది బిగించాలి. గోరు మందం జరిపితే గుండు వంద గజాల దగ్గర బెత్తెడు మారుతుంది, మూడు వందల గజాల దగ్గర జానెడు మారుతుంది. చూడ్డానికి చిన్న పని. కానీ మనం గది తలుపు మూసి చేసే ఆ చిన్న పనిని నమ్ముకుని, ఇంకొకరు బయట నేల మీద పడుకుని కాలుస్తారు.

మాది నగరి. మా నాయనకు మరమగ్గాలు. చిన్నప్పటి నుంచి నట్లు, స్ప్రింగులు, నూనె వాసన మధ్య పెరిగాను కాబట్టి ఆయుధాల గదిలో నా చేతులు త్వరగానే కుదురుకున్నాయి. మనసే కుదురుకోలేదు. ఏదైనా సరిగా లేదంటే దాన్ని వెంటనే ఏదో ఒకటి చేసేయాలి నాకు. ఆగి చూడటం నాకు చేతకాదు. ఈ పనిలో అది మంచి గుణం అనుకునేవాణ్ణి.

ఖాదరన్న

నాకు పని నేర్పింది ఖాదరన్న. సన్నటి మనిషి, ఇనుప వేళ్ళు. స్క్రూడ్రైవరు జారి తుపాకి మీద గీత పడితే చేతి మణికట్టు మీద ఒకటి వేసేవాడు. స్క్రూ తిప్పే ముందు అది ఎక్కడ ఉందో సుద్దతో గుర్తు పెట్టమనేవాడు. ఎన్ని పావు చుట్లు తిప్పానో పైకి చెప్పమనేవాడు. ఈ రోజుకీ నేను కుక్కరు పిడి బిగించేటప్పుడు పావు, అర అని గొణుక్కుంటాను.

అంత మంచి గురువు నాకు ఒక చెడ్డ మాట కూడా నేర్పాడు. "కాల్చేవాడి మాట నమ్మొద్దురా. గురి తప్పిన ప్రతివాడూ తుపాకి మీదే పెడతాడు" అనేవాడు. పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో అది నిజం. అందుకే అది అంత ప్రమాదం. ఆ పదో మనిషి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు.

రెడ్డెమ్మ చెప్పింది, నేను విననిది

ఆ పదో మనిషి పేరు రెడ్డెమ్మ. కానిస్టేబులు. పలమనేరు అవతల పల్లె. టమోటా మళ్ళలో, ఆవుల దగ్గర పనిచేసిన చేతులు. పొట్టిగా ఉండేది కానీ ఎస్సెల్లార్ దెబ్బకు భుజం బెదిరేది కాదు. శిక్షణలో ఫైరింగులో రెండో స్థానం. అప్పటికి ఉద్యోగంలో నాలుగేళ్ళు.

వార్షిక ఫైరింగుకు నెల ముందు ఆమెకు వేరే తుపాకి ఇచ్చారు. వంద గజాల దగ్గర మొదటి అభ్యాసం అయిన రోజే ఆయుధాల గది కిటికీ దగ్గరికి, నా దగ్గరికి తెచ్చింది.

"అన్నా, ఈ తుపాకి నాకు లొంగతా లేదు."

"ఏమైంది?"

"కొన్ని గుండ్లు బాగానే పడతాండాయి. కొన్ని ఎడమకు, కిందకు పోతాండాయి. బుగ్గ గట్టిగా ఆనిస్తే ఒక తీరు, మెత్తగా పెడితే ఇంకో తీరు."

జబ్బు ఏమిటో, ఎక్కడుందో ఆమె ఆ రోజే చెప్పేసింది. నాకు వినబడింది మాత్రం "ఎడమకు" అన్న ఒక్క ముక్కే. ఆమె మాట పూర్తయ్యేలోపే నా చెయ్యి స్క్రూడ్రైవరు వెతుకుతోంది.

ఇసుక సంచి మీద తుపాకి ఆనించి నేను ఐదు గుండ్లు కాల్చాను. అన్నీ ఒకే చోట, కొంచెం ఎడమకు పడ్డాయి. కుడి స్క్రూ అర చుట్టు వదిలి, ఎడమది అర చుట్టు బిగించాను. మళ్ళీ ఐదు కాల్చాను. నడిమధ్యన. ఇచ్చేశాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. "ఇప్పుడు కొన్ని కుడికి పోతాండాయన్నా. ఆ కింద పడేటివి కిందనే పడతాండాయి."

ఈసారి బ్యాక్ సైటు రేకు కొంచెం ఆడుతున్నట్టు అనిపించింది. పనికిరాదని పక్కన పెట్టిన ఒక తుపాకి నుంచి మొత్తం బ్యాక్ సైటునే ఊడదీసి దీనికి వేశాను. కొత్త రేకులో రంధ్రం పాతదానికన్నా చిటికెడు కిందికి ఉంది. ఇసుక సంచి మీద కాల్చి చూస్తే గుండ్లన్నీ ఒకేచోట చక్కటి గుంపుగా పడ్డాయి, మధ్యకు ఒక వేలెడు కిందికి. ఫోర్ సైటు పుల్లను దించి దాన్ని సరిచేయాల్సింది. ఆ రోజు ఇంకా పదకొండు తుపాకులు వరసలో ఉన్నాయి. వేలెడే కదా అని వదిలేశాను.

మూడోసారి ఆమె వచ్చినప్పుడు కిటికీ దగ్గర ఇంకో ఆరుగురు ఉన్నారు. వాళ్ళందరి ముందూ అన్నాను: "తుపాకి బాగుండాది తల్లీ. నీ పట్టే బాగలేదు."

వాళ్ళు నవ్వారు. ఆమె తుపాకి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత మళ్ళీ రాలేదు. ఫిర్యాదు ఆగిపోయింది కాబట్టి జబ్బు నయమైందనుకున్నాను.

మూడు వందల గజాలు

మా ఫైరింగు మైదానం చిత్తూరు అవతల ఒక రాతి గుట్ట కింద ఉండేది. చుట్టూ మామిడి తోటలు. గురి అట్టలు నిలబెట్టే చోట ముందు ఒక రాతి గోడ, గోడ వెనక గుంత. ఆ గుంతలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు. అట్టను పైకెత్తడం, గుండు ఎక్కడ తగిలిందో పొడుగాటి కర్రతో చూపించడం, తరవాత రంధ్రాల మీద కాగితం ముక్కలు అంటించి మళ్ళీ ఎత్తడం వాళ్ళ పని. తల గోడకన్నా కిందే ఉంటుంది. అందరూ చేయాల్సిన పనే అయినా మా దగ్గర ఎక్కువగా గుణశేఖర్ చేసేవాడు. మా నగరి పక్కన సత్రవాడ మనిషి, నాకు ఊరి వరస. గుంతలో చల్లగా ఉంటుందని తనే అడిగి వెళ్ళేవాడు.

వార్షిక ఫైరింగు రోజు వంద గజాల దగ్గర రెడ్డెమ్మ పాసయింది, అంతంతమాత్రంగా. తరవాత మూడు వందల గజాలు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆమె మూడో గుండు కాల్చింది. గుండు అట్టను చేరనే లేదు. గోడ అంచుకు తగిలింది. రాతి పెళ్ళ ఒకటి లేచి, వెనక ఉన్న ఇనుప చట్రానికి కొట్టుకుని గుంతలోకి పడింది. గుంతలోంచి కేక వినిపించింది. ఎర్రజెండా ఊపారు.

మేము పరుగెత్తేసరికి గుణశేఖర్ కుడి కన్ను రెండు చేతులతో మూసుకుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. చిత్తూరులో కట్టు కట్టి వెంటనే తిరుపతి ఆసుపత్రికి పంపారు. కన్ను నిలుస్తుందో లేదో నాలుగు రోజులు పోతే గాని చెప్పలేమన్నారు డాక్టర్లు.

రెడ్డెమ్మ కాల్చిన చోటే మోకాళ్ళ మీద కూర్చుని ఉండిపోయింది. తుపాకిని ఆమె చేతుల్లోంచి నేనే తీసుకున్నాను. ఆమె నన్ను చూడలేదు.

మా ఇన్‌స్పెక్టరు మంచివాడే కాని భయస్థుడు. ఏ గొడవైనా తన బల్ల మీదికి రాకముందే ఎవరో ఒకరి మీద వేసి ముగించాలని చూసేవాడు. ఆ సాయంత్రమే నన్ను పిలిచాడు.

"ఏమప్పా మునిరత్నం, తుపాకి పరిస్థితి ఏంది?"

"పొద్దున కూడా చూసినాను సార్. మళ్ళా ఇప్పుడు ఇసుక సంచి మీద పెట్టి కాల్చినాను. ఐదుకు ఐదూ ఒకే చోట."

"అంటే దోషం లేదు."

"లేదు సార్."

"రాసియ్యి."

రాసిచ్చాను. కావాలని అబద్ధం రాయలేదు. చూసినదే రాశాను. మరుసటి రోజు నుంచి రెడ్డెమ్మను ఆయుధం పట్టే పనుల నుంచి తప్పించి క్యాంటీన్‌లో వేశారు. అజాగ్రత్తగా కాల్చి సాటి మనిషిని గాయపరిచిందని విచారణ మొదలైంది.

కాగితం ముక్కలు అంటించేవాడు

మూడో రోజు సెలవు పెట్టి గుణశేఖర్‌ను చూడ్డానికి తిరుపతి వెళ్ళాను. బస్సులో కూర్చోలేకపోయాను. సీటు ఉన్నా పూతలపట్టు దాటేదాకా నిలబడే ఉన్నాను. ఎందుకో నాకే తెలియదు. తుపాకి బాగుందని రాసిచ్చిన చెయ్యి మాత్రం జేబులో కుదురుగా ఉండటం లేదు.

ఆసుపత్రి మెట్ల మీద రెడ్డెమ్మ కూర్చుని ఉంది. మామూలు చీరలో ఉంటే మొదట గుర్తుపట్టలేదు.

"లోపలికి పోలేదా?" అన్నాను.

"మూడు దినాలుగా వస్తాండా అన్నా. ఈడిదాకా వచ్చి కూర్చుంటా. లోపలికి పోయి ఏమని చెప్పేది? నీ కన్ను నేనే తీసినానని చెప్పేదా?"

నేను ఆమె పక్కగా మెట్లెక్కి లోపలికి వెళ్ళాను.

గుణశేఖర్ సగం మొహం కట్టులో ఉంది. మాట మాత్రం బాగానే ఉంది. వాళ్ళావిడ బత్తాయి ఒలిచి పెడుతోంది. కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, తనే రెడ్డెమ్మ మాట ఎత్తాడు.

"ఆ పిల్లను క్యాంటీన్‌లో వేసినారంట గదా. ఎందుకప్పా?"

"గురి లేకుండా కాల్చిందని."

"ఎవుడన్నాడు గురి లేదని? నెల దినాలుగా ఆ పిల్ల అట్టకు కాగితాలు అంటిస్తాండేది నేను. గురి లేనోడి అట్ట ఎట్లుంటాదో నాకు తెలీదా? చిత్తం వచ్చిన చోటల్లా బొక్కలుంటాయి. ఈ పిల్లది అట్ల కాదు. ఈడ ఒక గుంపు, ఆడ ఒక గుంపు. మధ్యలో ఒక్కటి కూడా ఉండదు. నేను తమాషా కూడా చేసినాను, ఏం పాపా, ఇద్దరు మనుషులు కాలుస్తాండారా నీ తుపాకితో అని."

"రెండు గుంపులా?"

"ప్రతిసారీ. నువ్వు సైటు మార్చినప్పుడల్లా రెండూ కలిసి జరిగేటివి. రెండూ ఒకటయ్యేటివి కాదు. నీకు తెలీదా ఏంది?"

నాకు తెలియదు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో గుంతలోకి దిగి అట్ట చూడటం నేను ఎప్పుడో మానేశాను.

చిత్తూరుకు తిరిగి రాగానే పాత అట్టలు పడేసే కొట్టు తెరిపించాను. రెడ్డెమ్మ నెంబరు ఉన్నవి మూడు దొరికాయి. గుణశేఖర్ చెప్పినట్టే కాగితం ముక్కలు రెండు ముద్దలుగా ఉన్నాయి. ఒకటి పైన, దానికి బెత్తెడు కింద ఎడమకు ఇంకొకటి. ఆయుధాల గదికి వెళ్ళి తుపాకి కింది సగాన్ని బల్ల మీద పట్టుకొయ్యలో, అంటే వైసులో, బిగించాను. గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని పక్కకూ, పైకీ నొక్కాను.

టిక్ అంది.

వదిలితే మళ్ళీ టిక్.

రెండు సగాలనూ కలిపి పట్టే కొక్కెం అరిగిపోయింది. ఫోర్ సైటు పై సగం మీద ఉంది, బ్యాక్ సైటు కింది సగం మీద ఉంది. ఆ రెండు సగాలే ఒకదాని మీద ఒకటి ఆడుతున్నాయి. బుగ్గ గట్టిగా ఆనిస్తే ఒక తీరు, మెత్తగా పెడితే ఇంకో తీరు. నేను బరువైన మనిషిని. ఇసుక సంచి మీద పెట్టి, ప్రతిసారీ ఒకే బలంతో భుజంలోకి లాక్కుని కాల్చాను కాబట్టి ఆ ఆట ఎప్పుడూ ఒక వైపే ఒదిగి ఉండిపోయింది. ఆమె పొట్టి మనిషి. నేల మీద మోచేతులు ఆనించి ఆమె కాల్చేటప్పుడు ఆ ఆట ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోయింది. దానికి తోడు నేను మార్చిన రేకులో ఆ కిందికి ఉన్న రంధ్రం. వంద గజాల దగ్గర నేను వదిలేసిన వేలెడు, మూడు వందల గజాల దగ్గర మూడు వేళ్ళయింది. ఆ కింది గుంపును గోడ అంచుకు దించింది నేనే.

రెండు దినాలు

ఇన్‌స్పెక్టరు దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్ళాను. తుపాకి తీసుకెళ్ళి ఆయన చెవి దగ్గర పెట్టి టిక్ వినిపించాను. ఆయన తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు.

"ఇది ఎవరికి చెప్పినావు?"

"మీకే సార్."

"కూర్చో. నేను నీ మంచికే చెప్తాండా. ఆ పిల్లకు మందలింపు రాసి వదిలేస్తారు. కొత్త ఉద్యోగం, నాలుగేళ్ళల్లో అందరూ మరిచిపోతారు. నువ్వయితే తుపాకి బాగుండాదని సంతకం పెట్టినావు. నీ మీద పడితే అది మందలింపుతో పోదు. ఆ సంతకం కింద నాదీ ఉండాది. ఆ కొక్కెం మార్పించు, గమ్మునుండు."

నేను గమ్మునున్నాను. రెండు రోజులు. ఇది రాయకపోతే పైన రాసినదంతా అబద్ధమే అవుతుంది. తెలిసీ రెండు రోజులు నోరు మూసుకున్నాను. ఇంట్లో పిల్లల ఫీజులు, ఇంకా మిగిలిన నాలుగేళ్ళ సర్వీసు, పేరు, అన్నీ గుర్తొచ్చాయి. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. గదిలో ఉన్న తుపాకులన్నింటినీ ఒక్కొక్కటే పట్టుకొయ్యలో పెట్టి నొక్కి చూశాను. ఇంకో రెండు టిక్ అన్నాయి. వాటిని పక్కన పెట్టాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, నోరు తెరవడం ఒక్కటే కాలేదు.

మూడో రోజు మళ్ళీ తిరుపతి బస్సెక్కాను. ఎవరికి ఏం చెప్పడానికి వెళుతున్నానో నిర్ణయించుకోలేదు. రెడ్డెమ్మ అదే మెట్టు మీద ఉంది. ఆ ఉదయమే డాక్టర్లు చెప్పారట, కన్ను పోదు, చూపు మాత్రం మునుపటిలా ఉండకపోవచ్చు అని. ఆ మాట ఆమే చెప్పింది. చెప్పి, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఒక్క మాట అన్నా. నిజంగా తుపాకిలో ఏమీ లేదా? ఏం లేదంటే నాకు నేను చెప్పుకుంటా, నా చెయ్యే చెడ్డదని. ఉద్యోగం మానుకుని మా పల్లెకు పోతా. ఏదో ఒకటి తెలవాల నాకు."

"ఉండాది," అన్నాను.

"ఏముండాది?"

చెప్పాను. మొదటి రోజు ఆమె చెప్పిన మాటే తిరిగి ఆమెకు చెప్పాను. కొక్కెం గురించి, నేను మార్చిన రేకు గురించి, వేలెడు కిందికి పడితే వదిలేసిన సంగతి. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న సాయంత్రం."

"మొన్న," అంది. "మొన్నటి నుంచి నేను ఈడనే కూర్చుండా గదా."

నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆమె లేచి, చీర దులుపుకుని, ఐదు రోజులుగా దాటని గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. నేను వెనకాల వెళ్ళలేదు. కిటికీలోంచి కనిపించింది. మంచం పక్కన నిలబడి ఏదో చెబుతోంది. గుణశేఖర్ చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టాడు. అప్పుడు ఏడ్చింది ఆమె, భుజాలు కదిలేలా.

అదే రోజు చిత్తూరు వెళ్ళి విచారణ చేస్తున్న అధికారికి రాసిచ్చాను. మొదటి కాగితం తప్పని, తప్పు నాదని. ఇన్‌స్పెక్టరు నాతో ఆ తరవాత ఏడాది పాటు పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నాకు శిక్ష పడింది. దాని వివరాలు ఇక్కడ అక్కర్లేదు. న్యాయమైనదే. రెడ్డెమ్మ మీద విచారణ మూసేశారు. గుణశేఖర్ కుడి కంటికి సాయంత్రమయితే మసక. ఇప్పటికీ నన్ను చూస్తే ముందు ఎడమ కన్ను తిప్పి, "ఎవరదీ, సైటాయనేనా?" అంటాడు. నవ్వుతూనే అంటాడు. నేను నవ్వలేను.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు స్క్రూడ్రైవరు తీసే ముందు చేతులు వెనక్కి కట్టుకుని, తెచ్చిన మనిషి చెప్పేది చివరిదాకా వినండి. అతను అబద్ధం చెబుతున్నాడని మీకనిపించినా సరే. అబద్ధమైతే తరవాత తేలుతుంది. వినకపోతే నిజం కూడా తేలదు.

సైటు ముట్టుకునే ముందు, ఆ సైటు కూర్చున్న చోటు గట్టిగా ఉందో లేదో చూడండి. రెండు సగాలనూ నొక్కి చూడటానికి నిమిషం పట్టదు. ఇప్పటి తుపాకుల్లో జబ్బు వేరేచోట ఉండవచ్చు, కానీ కదిలే చోటు ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి సరిచేసినది మళ్ళీ తిరిగి వస్తే స్క్రూ ఇంకా తిప్పకండి. మీరు తప్పుచోట తిప్పుతున్నారని దానర్థం. మీరు కాల్చినప్పుడు బాగుందంటే మీకు బాగుందని మాత్రమే. దాన్ని మోసే మనిషి ఎత్తు వేరు, బుగ్గ వేరు. ఆ మనిషి చేతే మీ ముందు కాల్పించండి. తరవాత గుంతలోకి దిగండి. అట్ట చూడండి. అంటించేవాడిని అడగండి.

పైవాళ్ళు గమ్మునుండమంటారు. వాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదు, మా ఇన్‌స్పెక్టరులాగే చాలామంది భయస్థులు. నేనూ రెండు రోజులు భయస్థుణ్ణే. ధైర్యం గురించి నేను మీకు చెప్పగలిగింది ఏమీ లేదు. ఎంత ఆలస్యం చేస్తే అంత మంది మెట్ల మీద కూర్చుని ఉంటారు, అది మాత్రం చెప్పగలను.

ముందు నువ్వు

ఆ తుపాకిని పెద్ద వర్క్‌షాపుకు పంపితే కొక్కెం మార్చి, కీలు బిగించి పంపారు. సైటు పని నాదే. ఈసారి ఫోర్ సైటు కూడా సరిచేశాను. ఒక ఉదయం మైదానంలో మళ్ళీ పరీక్ష పెట్టారు. రెడ్డెమ్మను రమ్మన్నారు.

ఆమె యూనిఫారంలో వచ్చింది. తుపాకి అందించబోయాను. చెయ్యి చాపలేదు.

"ముందు నువ్వు కాల్చన్నా."

"నిన్ననే కాల్చి చూసినాను."

"ఇసుక సంచి వద్దు. నేను పడుకునేటట్టు నేల మీద పడుకుని కాల్చు. మూడు వందల గజాల నుంచి." గోడ వైపు చెయ్యి చూపించింది. "గుంతలో నేను కూర్చుంటా."

ఇన్‌స్పెక్టరు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె అప్పటికే నడక మొదలుపెట్టింది. మూడు వందల గజాలు, ఎండలో, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. గోడ వెనక్కి దిగింది. అట్ట పైకి లేచింది.

నేను నేల మీద పడుకున్నాను. రంధ్రంలోంచి చూస్తే పుల్ల కొస కనబడింది, దాని మీద అట్ట, అట్ట కింద ఆ గోడ. గోడ వెనక ఆమె తల. లేచిపోవాలనిపించింది. జీవితంలో లెక్కలేనన్ని గుండ్లు కాల్చాను, ట్రిగ్గరు మీద వేలు అంత బరువుగా ఎప్పుడూ లేదు. ఊపిరి సగం వదిలి, ఆపి, నొక్కాను. ఒక్కొక్క దానికీ మధ్య చాలాసేపు తీసుకున్నాను. ఐదు అయ్యాయి. ఆమె కర్ర ఎత్తి ఒక్కొక్కటీ చూపించింది. ఒకే గుంపు. మధ్యలో.

ఆమె తిరిగి వచ్చింది. తుపాకి నా చేతుల్లోంచి తీసుకుంది. బూట్ల మీద గుంతలోని ఎర్రమట్టి ఉంది.

"ఇప్పుడు నువ్వు పోన్నా," అంది.

వెళ్ళాను. గుంతలో నిజంగానే చల్లగా ఉంది. గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి నాకు చేయాల్సిన పని ఏమీ లేదు, కదలకుండా కూర్చోవడం తప్ప. తల మీద అట్ట టప్పుమంది, ఆ వెంటనే దూరంగా తుపాకి చప్పుడు. మళ్ళీ. ప్రతిసారీ నా భుజాలు ముడుచుకున్నాయి. మామిడి తోట వైపు నుంచి ఎవరో ఆవును అదిలిస్తున్న గొంతు వినబడుతోంది. ఐదోది అయ్యాక అట్ట దించి చూశాను. రెండు చేతులూ పరిస్తే ఐదు రంధ్రాలూ మూతపడ్డాయి.

అట్టను పైకెత్తి, కర్ర తీసుకుని ఒక్కొక్కటీ చూపించాను. చివరిది అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూపించాను. మూడోసారి మొదలుపెడుతూ గోడ మీదుగా చూస్తే, అంత దూరంలో ఆమె లేచి నిలబడి, చాలు అన్నట్టు చెయ్యి ఊపింది.